నాగులమ్మక్క రూపాయి

కాణిపాకం గుడి వీధిలో నాది టెంకాయల అంగడి. నా పక్కనే గోనెసంచి పరుచుకుని చిల్లర ఇచ్చేది నాగులమ్మక్క. నోటిస్తే కమీషన్ పట్టుకుని చిల్లర ఇస్తుంది. ఇరవై ఏండ్లుగా అదే పని. నాణెం చేతిలో పడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. "ఇది ముడుపుగుడ్డలో మగ్గి నల్లబడింది. దీన్ని ఎవడో రైలు పట్టా మీద పెట్టినాడు, వాని చేతులు పడిపోను!" అని తిట్టి మరీ పక్కన పెడుతుంది.

1997లో ఆమెకు ఒక రూపాయి దొరికింది. బొమ్మ, అక్షరాలు అన్నీ ఒక పక్కకు జరిగిపోయి, ఇంకో పక్క నెలవంక మాదిరి నున్నగా ఉండాది. "అచ్చు కొట్టేటప్పుడే పక్కకు పడింది మే!" అని మురిసిపోయి అందరికీ చూపించింది.

అదే తంటా తెచ్చింది. చిత్తూరు నుంచి బాలసుబ్రమణ్యం అనే ఆయన గుడికి వచ్చినాడు. పాత నాణేలు కూడబెట్టే మనిషి, జేబులో భూతద్దం ఉంటుంది. ఆయనకూ చూపించింది. అట్ల చూసినాడో లేదో, "ఏమ్మా, ఆకురాయితో అరగదీసి జనాన్ని మోసం చేస్తావా? సర్కారు నాణెం పాడుచేస్తే జైలు, తెలుసునా?" అని వీధంతా వినేట్టు అరిచినాడు.

అంతే. మధ్యాహ్నానికల్లా ఆమె చిల్లర ముట్టుకునేవాళ్లు లేరు. పూల అంగడి, ప్రసాదం అంగడి, అందరూ మొహం తిప్పుకున్నారు. నేను గూడా. పక్కనే కూర్చుని, ఆమె పిలిస్తే వినపడనట్టు టెంకాయ పీచు ఒలుస్తా ఉంటిని. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తాది.

ఆమె ఏడ్వలేదు. మరుసటి ఆదివారం ఆయన మళ్లీ వస్తే దారికి అడ్డం నిలబడింది. "సార్, దొంగ అని అంత గట్టిగా అన్నారు గదా. రాండి, తేల్చుకుందాం" అని మునస్వామి ఆచారి నగల అంగడికి పిల్చుకోని పోయింది. వెనకాలే మేమంతా.

బంగారం తూచే త్రాసులో ఒక పక్క ఆ రూపాయి, ఇంకో పక్క ఆమె చిల్లర డబ్బాలోంచి తీసిన తళతళలాడే కొత్త రూపాయి. ముల్లు కదల్లేదు.

"అరగదీసింటే బరువు తగ్గాల గదా? యాడ తగ్గిందో సూపీ!"

"అయితే సుత్తితో కొట్టింటావు" అన్నాడాయన.

నాగులమ్మక్క ఆచారి సుత్తి లాక్కుని, కొత్త రూపాయిని దిమ్మె మీద పెట్టి నాలుగు వాయించింది. "ఇప్పుడు సూడు సారూ. దెబ్బ తగిలిన చోట లోహం సాగింది, అక్షరాలు నలిగినాయి, అయినా ఆనవాలు మిగిలే ఉండాది. నా దాంట్లో ఒక్క అక్షరం నలగలేదే! ఖాళీ చోట అచ్చు పడనే లేదు. వెనక్కి తిప్పు, ఆ పక్క అచ్చు గూడా అంతే పక్కకు జరిగింది. తప్పు కొట్టింది టంకశాల. నేనా దొంగ?"

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసినాడు. "నాదే పొరపాటమ్మా" అని గొణిగినాడు.

"గొణిగితే కుదర్దు. ఆ పొద్దు అరిచినట్టే అరిచి చెప్పు."

అంగడంగడికీ తిప్పి చెప్పించింది. నా దగ్గరకొచ్చి, "నువ్వు గూడా బాగా విను మే" అనింది. నేను తలెత్తలేకపోతిని.

పోయే ముందు ఆయన, "ఐదు వందలిస్తా, ఆ రూపాయి నాకియ్యమ్మా" అని బతిమాలినాడు.

"అది అమ్మేది లేదు. నీ మాట వల్ల చెడింది ఇది" అని నలిగిన రూపాయి ఆయన చేతిలో పెట్టింది. "దీనికి మంచి రూపాయి ఇచ్చి పో."

ఇచ్చినాడు. నాగులమ్మక్క దాన్ని రెండు పక్కలా తిప్పి చూసి, డబ్బాలో వేసుకునింది.