తీగా, చల్లదనమా

మా మేనత్త ఏదైనా నలుగురినీ అడిగి తేల్చుకునేది. గర్భసంచి మూతి మీద క్యాన్సర్‌గా మారగల మచ్చ ఉందనీ, దాన్ని చల్లదనంతో గడ్డకట్టించి పోగొట్టవచ్చు లేదా కరెంటు తీగతో కోసి తీయవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. అత్త నల్లమాడ బస్సులో అందరినీ "తీగా, చల్లదనమా?" అని అడిగింది. సంగతేమిటో తెలియకుండానే కండక్టరు తీగ అన్నాడు, ఆడవాళ్లు చల్లదనం అన్నారు. వాదనలో పడి నల్లమాడలో ఎవరూ దిగలేదు.

మరునాడు డాక్టరమ్మనే అడిగింది.

"నీకొచ్చింటే ఏది చేపిచ్చుకుంటావు తల్లీ?"

"తీగే. తీసిన ముక్కను పరీక్షకు పంపొచ్చు."

"నాకు మచ్చ కనుక్కున్న పరీక్ష నువ్వు చేపిచ్చుకున్నావా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అయితే ముందు నువ్వు పండుకో. నేనీడ కూచుంటా."

నర్సు పరీక్ష చేశాక డాక్టరమ్మ బయటికొచ్చింది.

"నొప్పయిందా?" అత్త మెల్లగా అడిగింది.

"లేదు పెద్దమ్మా."

అప్పుడుగానీ అత్త తీగతో తీయించుకోడానికి లేవలేదు. తన ముక్కలో క్యాన్సర్ లేదని తేలినప్పుడు, డాక్టరమ్మ ఫలితం కూడా చెప్పమని అత్త పట్టుబట్టింది.