చీనీ చెట్లకు నీళ్ళు మోసిన కారు

అరవైల మధ్యలో మా బావి ఎండిన ఏడాది, నాయన ముందు ఎద్దులను అమ్మేశాడు. మేత లేదు. ఎద్దులు లేని బండి ఊరికే ఎండలో నిలబడి ఉండడం చూడలేక దాన్నీ అమ్మేశాడు. ఆ తరువాత ఇంట్లో మిగిలిన ఆస్తి పడమటి చేనులోని చీనీ తోట, కొట్టంలో మా మేనమామ వదిలిపోయిన పాత కారు, బి.యస్సీ. ప్యాసై ఉద్యోగం రాని నేను. ఇందులో అంతో ఇంతో ఆశ పెట్టుకోదగింది తోట ఒక్కటే.

మొక్కనాటి నుంచి నాయన సాకిన బత్తాయి చెట్లు అవి, మా వైపు చీనీ అంటాం. తొలి కాపు పట్టింది ఆ ఏడే. వాన పడేదాకా మొదళ్ళు తడుపుతూ ఉంటే బతుకుతాయి, లేకపోతే లేదు. నల్లమాడ దారిలో కోసెడు దూరాన ఒక రైతు బావిలో ఇంకా ఊట ఉంది. నాయనకు తెలిసినవాడే.

"తోడుకో అన్నా. నువ్వు తోడకపోతే ఎండ తాగిపోతాది" అన్నాడు.

నీళ్ళు అక్కడున్నాయి, చెట్లు ఇక్కడున్నాయి. నడుమ ఎద్దులు లేవు. కారును నీళ్ళ బండిగా మారుస్తానని నాయనతో చెప్పాను.

"నీకు ఆ పని వచ్చునా?"

"ఇంజను ఎట్ల తిరుగుతాదో చదివినా నాయనా."

"నువ్వు చదివితే అది తిరుగుతాదా?"

మా ప్రొఫెసర్లెవరూ ఇంత సూటిగా అడిగి ఉండలేదు.

మా ఊళ్ళో కాపురమున్న బస్సు డ్రైవరు ఒక పూట వచ్చి ఇంజను స్టార్టు చేసిపెట్టాడు. మిగతాది నా చేతిలో పెట్టి పోయాడు. వెనక సీటు పీకేశాను. వెనక రేకును ఉలీ సుత్తీ పెట్టి కోశాను. కోశాననడం కంటే కొరికాననడం న్యాయం. ఆ బొక్కలో నుంచి రెండు తారు పీపాయిలు లోపలికి తోశాను.

మొదటి రోజు బావి దగ్గర నీళ్ళు చేదుతున్న అవ్వ ఒకామె కారు చుట్టూ తిరిగి చూసింది.

"ఏమప్పా, పెండ్లికూతుర్ని కూర్చోబెట్టే తావులో పీపాయిలు కూర్చోబెట్టినావే?"

"ఈ ఏడు పీపాయిలకే గిరాకీ అవ్వా."

"అవునులే. అవైతే మారుమాట చెప్పవు."

పీపాయిలు నిండేసరికి కారు గొడ్డు పడుకున్నట్టు వెనక్కి కూలబడింది. టైర్లు రేకుకు రాసుకుని పొగ వచ్చింది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయని ఊరి పిల్లలకు చెప్పినవాణ్ణి నేను. ఆ లెక్క పీపాయికి కూడా వర్తిస్తుందని తోచలేదు. మరుసటి రోజు స్ప్రింగుల నడుమ తుమ్మ మొద్దులు దూర్చాను. కారు లేచింది. అయితే ప్రతి గుంతకూ ఎగిరెగిరి పడి, చేను చేరేసరికి సగం నీళ్ళు దారికి పోసింది. ఆడవాళ్ళు కడవలో వేపమండ వేసుకుని నడవడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కనక, నేనూ పీపాయిల్లో వేపమండలు పరిచాను. తొణకడం చాలావరకు తగ్గింది.

ఆ తరువాత కొన్నాళ్ళు అంతా సవ్యంగా సాగింది. నాయన చెంబుతో ఒక్కో చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, మట్టి కప్పి, పైన ఎండుటాకు పరిచేవాడు. మామూలుగా నాతో రెండు మాటలకు మించనివాడు ఆ రోజుల్లో పిలిచి మరీ చూపించేవాడు. "ఇది చూడ్రా, పిందె నిలిచింది." నేను వంగి చూసేవాణ్ణి. ఉసిరికాయంత పిందె. అంత చిన్నదాన్ని చూసి అంత సంతోషపడితే మంచిది కాదేమోనని ఆయన వెంటనే ముఖం తిప్పుకునేవాడు.

ఇంతలో రేడియేటరు కారడం మొదలైంది. ఆగిన చోటల్లా దానికి నీళ్ళు పోయాలి. చెట్లకని మోసుకొచ్చేది కారే తాగేస్తోంది. డ్రైవరును అడిగితే, "పిరికెడు పసుపు వెయ్యప్పా, సందులు మూసుకుంటాయి" అన్నాడు.

నేను అక్కడితో ఆగి ఉండవలసింది. చదువుకున్నవాణ్ణి కదా, ఆలోచించాను. పసుపే సందు మూస్తే, నీళ్ళలో ఉడికి గట్టిపడే రాగిపిండి ఇంకెంత బాగా మూయాలి! సంగటి తినే ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇంకొకరికి తట్టే ఆలోచన కాదది.

పిండి అడిగితే అమ్మ నా ముఖం చూసింది. "మనుషులకే రెండు పూట్లా లేదు, కారుకు సంగటా?"

"చెట్ల కోసం అమ్మా."

చెట్ల కోసమనేసరికి దోసెడు పిండి పెట్టింది.

కారడం ఆగిపోయింది. గర్వపడడానికి రెండు రోజులు గడువు దొరికింది. ఆ తరువాత, నిండు పీపాయిలతో తిరిగి వస్తుండగా, ముందు నుంచి ఆవిరి లేచింది. దారి పక్కన గొర్లు మేపుతున్నతను ముక్కు ఎగబీల్చాడు.

"ఏమన్నా, లోపల సంగటి కెలుకుతాండావా?"

అతను వెక్కిరించాడనుకున్నాను. మూత తీసి చూస్తే అతనన్నది నిజమే. పిండి ఉడికి, సందుతో పాటు నీళ్ళు పోయే గొట్టాలన్నీ మూసేసింది. ఇంజను పొయ్యి మీది పెనంలా కాలుతోంది. చెట్లు కళ్ళ ముందు మెదిలాయి. చేతికందిన బకెట్టు పీపాయిలో ముంచి ఇంజను మీద కుమ్మరించాను. టప్పుమంది.

ఇనుము మీద వెంట్రుకంత గీత కనిపించింది. కాలిన ఇనుము మీద చల్లనీళ్ళు పోస్తే పగులుతుందని నాకు తెలుసు. తెలిసిన సంగతి చేతికి చేరేలోపలే చెయ్యి తన పని కానిచ్చేసింది. ఆ వేసవిలో నేను నేర్చుకున్నవన్నీ అంతే. ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ వేళకు రాలేదు.

గొర్లాయన పోయి చెబితే నాయన నడుచుకుంటూ వచ్చాడు. ఇంజను వైపు చూడలేదు. పీపాయిలో చెయ్యి పెట్టి నీళ్ళు ఎంతవరకున్నాయో చూశాడు.

"కడవలు తెస్తా. ఈడే ఉండు" అన్నాడు.

ఆనాటి నుంచి ముగ్గురం కడవలతో మోశాం. రోజంతా మోస్తే ఒక వరుస చెట్లు తడిసేవి. రెండో వరుసకు వచ్చేలోపల మొదటిది వాడేది. పిందెలు ముందు రాలాయి, తరువాత ఆకు చుట్టుకుంది. అమ్మ భుజం వాచి కడవ ఎత్తలేకపోయింది. నాయన ఒకనాడు పొద్దున్నే తోటలోకి పోయి ఒక్కో చెట్టు బెరడును గోటితో గీరి చూశాడు. పచ్చి తగలలేదు. నేను వెనకే నడిచాను. చివరి చెట్టు దగ్గర మాత్రం ఆగాడు, చెయ్యి చాచాడు, గీరకుండానే వెనక్కి తిరిగాడు.

"దాన్ని చూడలేదే నాయనా?"

"వద్దులే" అన్నాడు. "రేపు చూద్దాం."

మరునాడు ఆయన తోట వైపు పోలేదు. నేనూ గుర్తు చేయలేదు.