ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్టులో

ఊళ్లో సగం అపార్ట్‌మెంట్ల లిఫ్టులు ఆయన చేతి మీదే నడుస్తాయి. అందుకే అందరికీ ఆయన లిఫ్టు మాస్టారు. యాభై నిండాక, ఎవరికీ చెప్పాపెట్టకుండా, ఆయనకు కొండల్లో పరుగెత్తే పిచ్చి పట్టింది. ఏటా జరిగే నలభై కిలోమీటర్ల కొండదారి పందెంలో పోయినేడు పాల్గొన్నారు కూడా. చివరి కొండ దిగుతుంటే మోకాలు పట్టేసింది. ఇద్దరు మోసుకొచ్చి ఇంట్లో దించారు. ఆ తర్వాత నెల రోజులు మంచమే. బాత్రూముకి వెళ్లాలన్నా భార్య భుజమే ఆసరా.

ఈసారి దరఖాస్తులో ఇంట్లోవాళ్ల సంతకం కావాలన్నారు. కుట్టుపని చేసే ఆ ఇల్లాలు కాగితం తీసుకుని మిషను సొరుగులో పడేసింది.

"ముందు మన ఊరి కొండ మీంచి యాభై నిమిషాల్లో దిగి చూపించండి. సంతకం సంగతి తర్వాత."

"యాభై అని ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నాగా!"

మాస్టారు సరేనన్నారు. కానీ సాధనకు తీరికేదీ? అందుకని ఉద్యోగంలోనే కానిచ్చారు. పన్నెండంతస్తుల బిల్డింగు నుంచి ఫోను వస్తే పనిముట్ల సంచీ వీపుకు తగిలించుకుని మెట్లెక్కేవారు. పైనున్న మోటారు గదిలో పని ముగించి, లిఫ్టు బాగయిందో లేదో చూడాలి కదా, అందులోనే దిగేవారు. రోజుకు అరవై డెబ్భై అంతస్తులు. ఆరు నెలలయ్యేసరికి తన తొడలు చూసుకుని తానే మురిసిపోయారు.

అప్పుడు కొండకు వెళ్లారు. ఎక్కడం నల్లేరు మీద బండి నడక. దిగడం మొదలుపెట్టిన పావుగంటకే కాళ్లు గజగజ వణికాయి. చెట్టూ పుట్టా పట్టుకుని, కొంతదూరం కూర్చుని జారుతూ, గంటన్నరకు కిందికి చేరారు. తోడొచ్చి కారులో కూర్చున్న బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఎక్కేటప్పుడు కుర్రాళ్లని దాటేశావు గదా బావా! దిగడం ఎప్పుడైనా నేర్చుకున్నావా?"

మాస్టారు రాయి మీద చతికిలబడి ఆలోచించారు. ఆరు నెలల్లో ఒక్క అంతస్తయినా కాళ్లతో దిగిన పాపాన పోలేదు. ఇంత వయసొచ్చి ఇదేం తెలివో!

మర్నాటి నుంచి అంతా తలకిందులు చేశారు. లిఫ్టులో పైకి, మెట్ల మీద కిందికి. మొదటి వారం కుర్చీలో కూర్చోవాలన్నా అబ్బా అనాల్సి వచ్చింది. దానికి తోడు కొత్త తలనొప్పి. బాగుచేసినాయనే లిఫ్టులో దిగడం లేదంటే జనం ఊరుకుంటారా? నాలుగో అంతస్తు పెద్దావిడ ఆయన్ని మెట్ల మీదే ఆపేసింది.

"నిజం చెప్పు నాయనా, తాడు తెగేలా ఉందా?"

ఆవిడ నమ్మకం కోసం ఒకసారి ఆవిడతో పాటు లిఫ్టులో దిగి, మళ్లీ పైకి వెళ్లి, మెట్ల మీద దిగారు. మూడు నెలలు ఇదే వరస.

పరీక్ష రోజు తెల్లవారగానే భార్య స్వయంగా తమ్ముడి కారులో వచ్చి కొండ కింద నిలబడింది. మాస్టారు పైనుంచి ఫోను చేసి బయల్దేరారు. మోకాళ్లు కాస్త వంచి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, హాయిగా దిగుతున్నారు. కాళ్లు చెప్పిన మాట వింటున్నాయి. ఇంకో పావు కిలోమీటరు ఉందనగా దారికి అడ్డంగా రాళ్లు జారిపడి ఉన్నాయి. వాటి మీంచి గెంతితే నాలుగు నిమిషాలు మిగులుతాయి. చుట్టూ తిరిగితే ఆలస్యం ఖాయం. గడియారం చూసుకున్నారు. ఆశ ఒకపక్క, భయం ఒకపక్క. ఆ నెల రోజులూ ఆవిడ భుజం మీద వేలాడిన సంగతి గుర్తొచ్చింది. ఉసూరుమంటూ చుట్టుదారి పట్టారు.

కిందికి చేరి, ఆవిడ అడగకముందే తలొంచుకుని చెప్పేశారు.

"యాభై మూడు."

"కాగితం తెచ్చాను. పెన్నుందా?"

మాస్టారు జేబులు తడుముకున్నారు. ఆవిడ తమ్ముడి జేబులోంచి పెన్ను లాక్కుని, కారు మీద కాగితం పరిచి సంతకం పెట్టింది.

"ఆ రాళ్ల దగ్గర మీరు ఆగడం ఇక్కణ్ణుంచి చూశాను," అంది. "గెంతి ఉంటే యాభైలోపే వచ్చేవారు. ఈ సంతకం మాత్రం జన్మలో పెట్టేదాన్ని కాదు."