మిషన్ ముందు దువా

బస్సు స్టార్ట్ చేసే ముందు నయీముద్దీన్ రెండు అరచేతులూ పైకెత్తి దువా చేసుకుంటాడు. అయ్యాక ఆ చేతులతోనే ముఖం తుడుచుకుంటాడు, నుదుటి నుంచి గడ్డం చివరిదాకా. ముసల్మానుల ఇళ్లలో పిల్లలకు మాటలతోపాటే వచ్చే అలవాటు అది. నయీంకు మాత్రం దాని వెనక ఒక భయం ఉంది. వాళ్ల నాయన లారీ డ్రైవరు. తాగి తోలి పాలకుర్తి రోడ్డు మీద ఒక మనిషి ప్రాణం తీశాడు, ఆ తర్వాత ఆ తాగుడుతోనే తానూ పోయాడు. "నా చేతులకు ఎవరి నెత్తురూ అంటనియ్యకు మాలిక్." ఇదే నయీం దువా. ఇన్నేళ్లలో మాట మారలేదు. దావత్‌లో కూల్‌డ్రింక్ ఇచ్చినా ఒకసారి వాసన చూసిగానీ నోట్లో పోసుకోడు.

అలాంటి మనిషి తాగి డ్యూటీకొచ్చాడని దొరికిపోయాడు. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

హసన్‌పర్తి అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన బస్సు తోలుతాడు. సుబేదారి రూటు. ఆ మధ్య రాకేష్ అనే డ్రైవరు రాత్రి తాగింది దిగకముందే పొద్దున బస్సెక్కి డివైడర్‌కు గుద్దాడు. ఒక ఆడపిల్ల చెయ్యి విరిగింది. ఇక యాజమాన్యం ఊరుకుంటుందా? గేటు దగ్గర ఊదే మిషన్ పెట్టారు. మోగితే ఆ రోజు డ్యూటీ లేదు. రెండోసారి మోగితే ఉద్యోగమే లేదు. మంచి పనే, కాదనేదేం లేదు. అందరికంటే ఎక్కువ సంతోషించింది నయీమే.

ఒకరు పట్టుకున్న మిషన్ ఇంకొకరు పట్టుకోవాలి కదా, అందుకని ముందు చేతులకు శానిటైజర్ పోయాలని రూలు పెట్టారు. పోసేది గేటు కాపలా ఎల్లస్వామి. నయీంకు పాత దోస్తు. దోస్తుకు తక్కువ పోస్తే బాగుంటుందా? దోసిట్లో మడుగు కట్టేలా పోశాడు. మిగతా డ్రైవర్లు చేతులు దులుపుకొని ఊది వెళ్లిపోయారు. నయీంకు కొత్త మిషన్ చూస్తే కొద్దిగా దడ పుట్టింది. దడ పుడితే ఏం చేస్తాడు? తడి చేతులు అలాగే పైకెత్తాడు, దువా చేసుకున్నాడు, ముఖమూ మీసమూ గడ్డమూ తుడుచుకున్నాడు. వెంటనే ఊదాడు.

మిషన్ కీచుమంది.

"ఏంది నయీం భాయ్, గిదేంది?" అన్నాడు ఎల్లస్వామి, నమ్మలేక.

"మిషన్ ఖరాబైంది ఎల్లన్నా. ఇంకోపారి ఊదుతా."

ఇంకోసారంటే రూలు ఇంకోసారి. మళ్లీ శానిటైజర్. ఈసారి దడ ఎక్కువ, కనుక దువా కూడా ఎక్కువ. అంకె ఇంకా పెరిగింది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి ఓంప్రకాశ్ సారు వచ్చి అంకె చూశాడు, గడ్డం చూశాడు, పెదవి విరిచాడు.

"సార్, దవాఖానకు తీస్కపోండ్రి. నా నెత్తురు తీసి చూడుండ్రి. అల్లా కసం, నేను తాగలే."

"అందరూ అదే కసం తింటరు నయీం. మిషన్‌కు నువ్వేమన్న పగోనివా? ఇంటికి పో. రేపు లాస్ట్ ఛాన్స్."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఈయన పాలైనా తాగలేదు పాపం.

వార్త ఆయన బండికంటే ముందే ఇల్లు చేరింది. భార్య జాహెదా గుమ్మంలోనే నిలబడి ఉంది. దగ్గరికొచ్చి, ముక్కు ఆయన నోటి దగ్గర పెట్టి వాసన చూసింది. అంతదూరం బండి మీద గాలికి వచ్చిన మనిషి దగ్గర ఏం వాసన ఉంటుంది? ఏమీ లేదు. అయినా ఆమె కళ్లలో అనుమానం పోలేదు.

"సుమేరా అబ్బా," ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలిచింది, "నిజం చెప్పు. మీ నాయిన తాగుడు నీకు గిట్ల రాలేదు కదా?"

అప్పటిదాకా మిషన్ మీదే కోపం. ఆ మాటతో నయీం లోపల ఏదో తెగింది. పెళ్లయిన నాటి నుంచి ఒక్క అబద్ధం ఆడని మనిషిని, ఒక యంత్రం కూతకే ఆమె వాసన చూసింది. ఇక జవాబు చెప్పి ఏం లాభం?

ఆ సాయంత్రం దోషి కోసం ఇల్లంతా గాలించాడు. దగ్గు మందు పారబోశాడు. అత్తరు సీసా పక్కింటి వాళ్లకు ఇచ్చేశాడు. పులిసిన పిండి దోసె తిన్నానేమో అని రాత్రికి పచ్చి మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు. అన్నీ వదిలేశాడు. వదలనిది దువా ఒక్కటే. దాన్ని ఎలా వదులుతాడు? దిక్కు అదొక్కటే కదా.

తెల్లారి గేటు దగ్గర డ్రైవర్లంతా చుట్టూ చేరారు. ఎల్లస్వామి దోస్తు మీది బెంగతో నిన్నటికంటే ఎక్కువే పోశాడు. నయీం కళ్లు మూసుకున్నాడు. జన్మలో అంత గట్టిగా అల్లాను అడగలేదు. నా కొలువు కాదు మాలిక్, నా మాట నిలబెట్టు. తడి అరచేతులు పెదవుల మీద, గడ్డం మీద అదిమి అదిమి తుడుచుకున్నాడు. ఊదాడు.

నిన్నటికంటే పెద్ద కూత.

నమాజు చేయబోతే మసీదు మీద పడిందంటారే, అచ్చం అంతే. ఓంప్రకాశ్ బస్సు తాళాలు లాక్కొని శేఖర్ అనే కుర్ర డ్రైవర్ చేతిలో పెట్టాడు. నయీం ఫోటో ఒకటి తీసి, ఊళ్లోని కాలేజీ బస్సుల ఇన్‌ఛార్జిలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'తాగుబోతు డ్రైవరు, ఎవరూ తీసుకోవద్దు' అని కింద రాశాడు. సుబేదారి బస్సు ఆయన కళ్ల ముందే గేటు దాటి పోయింది.

ఎల్లస్వామి తప్ప అందరూ వెళ్లిపోయారు. నయీం గేటు పక్క అరుగు మీద చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఏడుపు కూడా రాలేదు. ఇంటికి వెళ్తే మళ్లీ ముక్కు పెట్టి చూస్తుంది. ఎక్కడికి పోవాలి? ఉన్నట్టుండి లేచి ఆకాశం వైపు చూశాడు.

"అడిగినకొద్ది నన్నే తొక్కుతానవ్. నీకు చెవులు లేవా? పో, ఇగ నిన్ను అడగ."

బల్ల మీది మిషన్ లాక్కొని, దువా లేకుండా, చేతులెత్తకుండా ఊదాడు.

సున్నా.

మళ్లీ ఊదాడు. సున్నా. అడిగితే తాగుబోతు, అడగకపోతే సున్నా. ఇదెక్కడి న్యాయం? మిషన్ బల్ల మీద పడేసి, దాని ముందే కూలబడ్డాడు.

"మిషన్ ముట్టినవ్ భాయ్, చేతులు పట్టు" అన్నాడు ఎల్లస్వామి. ఓదార్చడం రాక, చేతనైన పని చేశాడు, శానిటైజర్ పోశాడు. ఏడుపు అప్పుడొచ్చింది నయీంకు. యాభై ఏళ్ల అలవాటు మాట వింటుందా? తడి చేతులు వాటంతటవే ముఖం మీదికి పోయాయి. గడ్డమంతా తడిసింది. ఆ వాసన ఎల్లస్వామి ముక్కుకు తగిలింది. పొద్దుగూకితే గుడంబా ఎక్కడ దొరుకుతుందో ఎరిగిన మనిషి, స్పిరిట్ వాసన ఆయనకు ఒకరు చెప్పాలా? మిషన్ తీసి నయీం నోటి ముందు పెట్టాడు.

"ఊదు."

కీచుమంది. ఇద్దరూ శానిటైజర్ సీసా వైపు చూశారు.

"ఓరి దేవుడా! తాపింది నేనే కద భాయ్!" అని ఎల్లస్వామి నెత్తి కొట్టుకుంటూ ఆఫీసుకు ఉరికాడు.

ఓంప్రకాశ్ నమ్మలేదు. తనే చేతుల నిండా పోసుకొని, మీసం తుడుచుకొని ఊదాడు. మిషన్ ఆయన్నీ తాగుబోతన్నది. పెద్దమనిషి ముఖం నల్లబడింది. "రేపటి నుంచి ముందు ఊదుడు, తర్వాతనే చేతులకు" అన్నాడు. ఫోటో తీసేశాడు, పొరపాటైందని గ్రూపులో రాశాడు. అప్పటికే ఆ ఫోటో ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికి తెలుసు?

సంగతి విని జాహెదా భోరున ఏడ్చింది. మాఫ్ చేయమని చెయ్యి పట్టుకుంది. నయీం "పోనీలే" అన్నాడు. ఆమెను నిజంగానే మాఫ్ చేశాడు.

మర్నాడు పొడి చేతులతో ఊదాడు. సున్నా. తాళాలు చేతికొచ్చాయి. సీట్లో కూర్చొని, ఎప్పటిలాగే రెండు చేతులూ పైకెత్తాడు. కారణం తెలుసు. సీసా తెలుసు, గడ్డం తెలుసు, అల్లా తప్పేమీ లేదని కూడా తెలుసు. కానీ అడగనన్న పూటే సున్నా వచ్చిందన్న సంగతి గుండెలోంచి పోవడంలేదు. అంతమాట అన్న నోటితో మళ్లీ ఏమని అడగాలి?

చేతులు ముఖం దాకా వచ్చి ఆగిపోయాయి. ముందు వాసన చూశాడు. గేటు దగ్గర ఊదాక పోసింది ఎప్పుడో ఆరిపోయింది. ఏమీ లేదు. దించి స్టీరింగ్ పట్టుకున్నాడు.

సుబేదారిలో పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఇన్నేళ్లలో మొదటిసారి, వాళ్ల ప్రాణాల కోసం ఎవరినీ ఏమీ అడగకుండానే బస్సు కదిలించాడు.