నరకం మీద వడియాలు

మా టీచరమ్మగారు పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం, మూడూ నాలుగూ మధ్య. ఆ సమయానికి నేను ఆసుపత్రి గేటు బయట సిమెంటు బెంచీ మీద ఒళ్ళో కేరేజీ పెట్టుకుని కూర్చుని ఉన్నాను. వాళ్ళబ్బాయి లోపలినుంచి వచ్చి, నా పక్కన కూర్చుని, కాసేపు రోడ్డుకేసి చూసి, "అమ్మ వెళ్ళిపోయిందక్కా" అన్నాడు. లోపలికి బయటి అన్నం తీసుకెళ్ళనివ్వరని తెలిసి కూడా కేరేజీతో అక్కడ ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. ఓపిక పట్టండి.

ఆవిడ బళ్ళో టీచరు కాదు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా తెలుగువాళ్ళ చిన్న చర్చిలో ఆదివారం పిల్లలకి పాఠం చెప్పేవారు. మా నాన్నలందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడలు కట్టే యార్డులో పనికి చేరినవాళ్ళు. మేం పిల్లలం వీధిలో హిందీ, బడిలో బెంగాలీ, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. దేవుడి మాట తెలుగులో చదువుకోవాలంటే ముందు అక్షరాలు రావాలి కదా అని ఆవిడే పలకలు కొనిచ్చి నేర్పారు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిద్దించినవే. నాకు తెలుగు రాయడం వచ్చింది ఆవిడ వల్ల. నరకానికి భయపడడం వచ్చిందీ ఆవిడ వల్లే. రెండూ ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నాను.

ఆ చాపకి ఎదురుగా గోడకి ఒక గుడ్డ వేలాడుతుండేది. నా కంటికి మంచం దుప్పటంత ఉండేది. దాని మీద రంగుల్లో నరకం. యార్డులో ఓడలకి రంగులేసే ఒకాయన చర్చికి కానుకగా వేసిచ్చాడు. పాపం, ఆయనకి తెలిసిన పెద్ద గొయ్యి డ్రై డాకు ఒక్కటే. ఓడని లోపలికి తెచ్చి, నీళ్ళన్నీ తోడేసి, దాని అడుగుభాగం బాగుచేసే గొయ్యి అది. గోడల వెంట కిందిదాకా మెట్లుంటాయి. ఆయన నరకాన్ని అచ్చం అలాగే వేశాడు. అవే మెట్లు, అడుగున మంట, చుట్టూ నిప్పురవ్వలు. మంటకి వాడింది కూడా ఓడ అడుగుకి పూసే ఎర్ర రంగే. మెట్లు దిగుతున్న మనుషులకి ముఖాలు వెయ్యడం రాకో, తీరిక లేకో, వీపులు మాత్రమే వేశాడు. నన్ను మంటకన్నా ఎక్కువ భయపెట్టింది ఆ వీపులు.

విశ్వకర్మ పూజ రోజు యార్డులోకి కుటుంబాలని రానిచ్చేవారు. పూజ మాది కాకపోయినా యార్డు చూడ్డానికి మేమూ వెళ్ళేవాళ్ళం. నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళి, "ఇదిగో, నేను పనిచేసే చోటు" అని డ్రై డాకు అంచున నిలబెట్టాడు. మా నాన్న వెల్డరు. కిందికి చూశాను. అవే మెట్లు. మర్నాడు పొద్దున్న నాన్న పనికి బయల్దేరుతుంటే కాలు పట్టుకుని వదల్లేదు. ఎందుకో చెప్పమంటే చెప్పను. మా అమ్మ రెండు తగిలించినా చెప్పలేదు. చివరికి టీచరమ్మగారిని పిలుచుకొచ్చారు. ఆవిడ చెవిలో చెప్పాను, నాన్న రోజూ నరకానికి వెళ్తున్నాడని.

ఆవిడ నవ్వలేదు. ఆవిడ భర్తదీ డాకులోనే పని. రోజూ మధ్యాహ్నం ఆయనకి కేరేజీ పట్టుకెళ్ళి గేటు దగ్గర అందించేవారు. ఆడవాళ్ళని గేటు దాటనివ్వరు గనక అందరూ అక్కడే ఇచ్చేసి ఇళ్ళకి వచ్చేసేవారు. ఆ రోజు మాత్రం కేరేజీ ఇచ్చేశాక ఆవిడ నన్ను గేటు ఎదురుగా అరుగు మీద కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు. బఠాణీలు కొనిపెట్టారు. సైరను మోగింది. మసి పట్టిన చొక్కాలతో, ఖాళీ కేరేజీలతో మనుషులు గుంపులుగా బయటికి వచ్చారు.

"ముఖాలు చూసుకో" అన్నారు టీచరమ్మగారు. "ఎందరు దిగేరో అందరూ ఎక్కొచ్చీసేరు. నీ బాబు వొచ్చేడా లేదా?"

వచ్చాడు. డాకుకీ నరకానికీ తేడా ఉందని ఆ సాయంత్రం నాకు తెలిసింది. గుడ్డ మాత్రం గోడ మీదే ఉంది. ఆవిడ దాన్ని తియ్యలేదు, పాఠమూ మార్చలేదు. ఆ రోజుల్లో ఆవిడకి నా భయమూ ఆ పాఠమూ వేరువేరు సంగతులు.

ఇరవై రెండో ఏట నేను చర్చి మానేశాను. పెద్ద కథేమీ లేదు. చదివాను, ఆలోచించాను, ఒక ఆదివారం వెళ్ళలేదు, తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. మా అమ్మ ఏడ్చింది, తర్వాత అలవాటుపడింది. దేవుడు మర్యాదగానే వెళ్ళిపోయాడు. నరకం మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు. కలకత్తాలో పాత అద్దెవాళ్ళని కదిలించడం ఎవరి తరం కాదని ఇక్కడివాళ్ళందరికీ తెలుసు, నాకూ అదే గతి పట్టింది. పెళ్ళయ్యాక న్యూ టౌన్‌లో పద్నాలుగో అంతస్తుకి మారాం. కారు పెట్టేది నేల కింద. లిఫ్టు కిందికి దిగుతున్నప్పుడల్లా నా కళ్ళముందు ఆ వీపులు కనిపించేవి. కుక్కరు ఆవిరి వేలికి తగిలితే చాలు, ఇదే ఇంత మండితే అనిపించి చెమటలు పట్టేవి. మా ఆయన బెంగాలీ. నరకమంటే ఆఫీసు వేళ మినీబస్సు అని అతని అభిప్రాయం. అతనితో ఏం చెప్పను? నమ్మేవాళ్ళకి చెబితే చూశావా అంటారు. నమ్మనివాళ్ళకి చెబితే నవ్వుతారు. నమ్మకం లేనిదాన్ని చూసి భయపడడం నాకే సిగ్గుగా ఉండేది. గార్డెన్ రీచ్ వెళ్ళినప్పుడు టీచరమ్మగారు బజార్లో ఎదురొస్తే రోడ్డు దాటేసేదాన్ని. పదిహేనేళ్ళు అలా దాటాను.

తర్వాత డెంగీ వచ్చింది. మూడోరోజు జ్వరంలో ఏదేదో వాగానట. అంతా తెలుగులో. మా ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పటికి మా అమ్మా నాన్నా లేరు. నా ఫోనులో పేర్లు వెతికి, నేను ఎప్పుడూ నొక్కని "టీచరమ్మ" అనే నంబరు చూసి, తెలుగు తెలిసిన మనిషై ఉంటుందని చేశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి రెండు బస్సులూ ఒక టోటో రిక్షా మారి వచ్చేశారు, చేతిలో కేరేజీతో. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఆవిడ.

"ఏ మెట్లే గుంటా?" అని అడిగారు. "పొద్దుటినుంచి మెట్లు మెట్లు అంటన్నావట."

జ్వరంలో ఉన్నాను గనక సిగ్గుపడ్డానికి ఓపిక లేదు. చెప్పేశాను.

"ఆ గుడ్డేనా?"

"ఊఁ."

"ఇన్నేళ్ళూనా?"

మళ్ళీ చర్చికి రమ్మంటారని కాచుకుని ఉన్నాను. గట్టి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. గ్లాసులో చారు పోసి, ఊది, నా చేతికిచ్చి, "భయమేసినప్పుడు నాకు ఫోను చెయ్యి. నేను ప్రార్థనలో ఉన్నా సరే" అన్నారు.

మొదటిసారి లిఫ్టులోంచే చేశాను. "టీచరమ్మగారూ, భయంగా ఉందండీ."

"అది సరే. ఏటి వండేవు?"

"ఆనపకాయ."

"పాలు పోసేవా, పులుసా?"

"పాలే."

"పోపు ముందేసేవా, దించేకా?"

దించాకే అని చెప్పేసరికి లిఫ్టు దిగిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళూ ఇదే వరస. ఆవిడ ఒక్కసారి కూడా నరకం ఉందనలేదు, లేదనలేదు. కూరలో ఉప్పు సంగతి మాత్రం వదిలేవారు కాదు. ఒకసారి ఏమీ వండలేదని చెప్తే నిజంగా కోప్పడ్డారు. "భయానికి జవాబు అక్కర్లేదే, వినేవోలుండాల" అని ఇంకోసారి అన్నారు. భయం పూర్తిగా పోయిందని మీకు అబద్ధం చెప్పను. రావడం తగ్గింది. వచ్చినా ఎక్కువసేపు కూర్చోవడం మానేసింది.

పోయిన చలికాలం వాళ్ళ మేడ మీదికి వెళ్ళాను. ఎండలో గుడ్డ పరిచి, ఆవిడ బూడిదగుమ్మడి వడియాలు పెడుతున్నారు. గుడ్డ బిరుసుగా ఉంది. అనుమానమొచ్చి ఒక మూల ఎత్తి చూశాను. కింద ఎర్ర రంగు.

"టీచరమ్మగారూ, ఇది అదేనా?"

"ఆఁ. రంగేపు కిందకి తిప్పేను. మందంగా ఉన్నాది, గాలికి ఎగరదు."

"చర్చిలో అడగలేదా?"

"పాస్టరుగారు అడిగేరు. చెదలు తినీసిందని చెప్పేను. ఎవులికీ చెప్పకు."

నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. ఇప్పుడు ఊరందరికీ చెప్పేస్తున్నాను, క్షమించాలి. నా డెంగీ తగ్గిన వారమే దాన్ని గోడ మీంచి తీసేశారని అప్పుడే తెలిసింది. మూల ఇంకాస్త ఎత్తి మెట్లు చూశాను, వీపులు చూశాను. దుప్పటంత అనుకున్నది తువ్వాలుకన్నా కాస్త పెద్దది, అంతే. ఇద్దరం ఎందుకో నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో, ఆరేళ్ళుగా అడగనిది అడిగేశాను.

"నేను అక్కడికే పోతానంటారా?"

ఆవిడ చేతిలో పిండి అయిపోయేదాకా వడియాలు పెట్టారు.

"నాకు తెలీదే" అన్నారు చివరికి. "నేను నమ్మింది నమ్మేను. నీకోసమని నమ్మలేదని చెప్పలేను. కానీ నువ్వు దిగేవంటే మాత్రం, నేను పైన సుఖంగా కూకోను. గేటు కాడే ఉంటాను, కేరేజీ పట్టుకొని. నువ్వు ఎక్కొచ్చీవరకు కదల్ను. ఎవులేటన్నా సరే."

నాకు కోపం రావాలి, న్యాయంగా. దిగనని చెప్పలేదు కదా. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. నాకోసం అంత దూరం వచ్చి కూర్చుంటానన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఆవిడ పిండి చేతులతోనే నా తల నిమిరారు. ఇంటికొచ్చాక జుట్టు చిక్కు తీసుకోవడానికి అరగంట పట్టింది.

ఈ సంవత్సరం ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రిలో చేర్చారు. పోయే ముందు శుక్రవారం మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. ఆవిడ అంతట ఆవిడ చెయ్యడం అదే మొదలు.

"ఈవేళ నువ్వడుగు" అన్నారు. గొంతు వేరుగా ఉంది.

"ఏమడగాలి టీచరమ్మగారూ?"

"నేను అడిగీదే."

అప్పుడర్థమైంది. "ఏం వండారు?" అన్నాను. అనగానే ఆవిడ ఏడ్చారు. ఎంతమంది గుంటల్ని ఆ గుడ్డ ముందు కూర్చోబెట్టానో అన్నారు. అందరూ నీలాగ ఫోను చెయ్యరు కదా, వాళ్ళేటైపోయేరో అన్నారు. ఆ లెక్క అడిగేవాడు నన్నేటి చేస్తాడో, నాకు భయంగా ఉన్నాదే అన్నారు. జీవితమంతా దేవుణ్ణి నమ్మిన మనిషి, ఏమీ నమ్మని నన్ను అడుగుతున్నారు. మీకేమీ కాదని, మీరు మంచివారని, నేను చెప్పబోయి ఆగాను. ఆవిడ నాకు అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు.

"నాకు తెలీదండీ" అన్నాను. "కానీ గేటు దగ్గర నేనుంటాను."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, "కేరేజీతోనా?"

"కేరేజీతోనే."

"ఏటి తెస్తావు?"

"ముద్దపప్పు. మీరిచ్చిన వడియాలు."

"బేగి రా మరి" అన్నారు. గొంతు మళ్ళీ ఆవిడదే అయింది.

శనివారం నుంచీ ఆఫీసుకి సెలవు పెట్టి రోజూ వెళ్ళాను. లోపలికి ఇద్దరినే పంపేవారు, కొడుకునీ కోడల్నీ. నేను బెంచీ మీద కూర్చునేదాన్ని. నేను గేటు దగ్గర ఉన్నానని వాళ్ళబ్బాయి ఆవిడకి రోజూ చెప్పేవాడు. సోమవారం నాడు ఆవిడ కళ్ళు మూసుకునే, వడియాలు మెత్తబడిపోతాయేమో చూడమన్నారట. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ అన్నం నేనూ మా ఆయనా తినేవాళ్ళం. అతను ఏమీ అడగకుండా కేరేజీ తోమి బోర్లించేవాడు.

సమాధి దగ్గర అందరూ ఆవిడ పరలోకంలో ఉన్నారన్నారు. అక్కణ్ణించి అందరితోపాటు చర్చికి వెళ్ళాను. చర్చిలో ఆ గుడ్డ ఉన్న చోట గోడ ఇప్పటికీ కాస్త తెల్లగా ఉంది, దానికి ఎదురుగా చాప మీద పిల్లలు కూర్చున్నారు. నిన్న లిఫ్టులో దిగుతూ పైకే చెప్పాను, బీరకాయ అని, కొంచెం ఉప్పెక్కువైందని. పక్కింటాయన వింతగా చూశాడు. చూస్తే చూశాడు.

మంగళవారం సంగతి ఒకటి మిగిలింది. వాళ్ళబ్బాయి కబురు చెప్పి కాగితాల పని మీద మళ్ళీ లోపలికి వెళ్ళాడు. రోజూ నన్ను చూస్తున్న గార్డు దగ్గరికొచ్చి, "దీదీ, మీ పేషెంటు పోయారు కదా, ఇంక ఇంటికెళ్ళండి" అన్నాడు. మంచివాడే. కాసేపుండి వెళ్తానన్నాను. అయిదింటికి డ్యూటీ మారింది. నర్సులు, ఆయాలు, ఊడ్చేవాళ్ళు, చేతుల్లో ఖాళీ డబ్బాల సంచులతో గుంపులుగా గేటు వైపు రావడం మొదలెట్టారు. కేరేజీ ఒళ్ళోనే ఉంది. చివరి మనిషి బయటికి వచ్చేదాకా ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ అక్కడే కూర్చున్నాను.