ఏసీ కింది మంచం

గల్ఫ్‌లో, ఫుజైరా కంకర క్వారీ క్యాంపులో మా గదికి ఒక్కటే ఏసీ. దాని కింది మంచం ఫోర్మన్‌ది. ఆయనది గోదావరి వైపు. మిగతా ఐదుగురం కరీంనగర్ పల్లెలవాళ్లం. ఎనభైల మొదట్లో ఒక జూలైలో ఆయనే మాటిచ్చాడు: శుక్రవారం పోకర్‌లో ఎవరి దగ్గర అగ్గిపుల్లలు ఎక్కువ మిగిలితే, ఆ వారమంతా ఆ మంచం వాళ్లదని.

పోకర్ మాకు నేర్పింది రేవులోని గోవా క్రేన్ ఆపరేటర్. చేతిలో రెండు ముక్కలు. నేలమీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తర్వాత ఒక్కొక్కటిగా రెండు. ఎదుటివాడు తోసినన్ని పుల్లలు వేస్తేనే ముక్కలు పోల్చుకునేది; లేదంటే ముక్కలు పడేసి, అప్పటిదాకా వేసిన పుల్లలు వదులుకోవాలి.

మొదటి శుక్రవారం నేలమీద రెండు, నాలుగు, ఏడు పడ్డాయి. మూడూ వేర్వేరు రంగులు. నా చేతిలో ఏమీ లేదు. భయపెడదామని ముప్ఫై పుల్లలు ఒక్కసారే తోశాను.

ఫోర్మన్ నవ్వాడు. "ఇక్కడ ఇంకేం పడినా మారేదేముందిరా? నిజంగా రాజుల జత ఉన్నోడైతే కొంచెం కొంచెం వేసి నన్ను లాగుతాడు. ఇంత తోశావంటే నీ దగ్గర గుండుసున్నా!"

ఆయనా ముప్ఫై వేశాడు. చివరికి చూస్తే ఆయన దగ్గర ఏడుల జత ఉంది. నా ముక్కలు ఎత్తి అందరికీ చూపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

క్రేన్ ఆపరేటర్‌ను అడిగితే హిందీలో చెప్పాడు: "ఆసు ఉంటే ఊరుకో భాయ్, అది చూపించినా గెలవొచ్చు. ఎందుకూ పనికిరానివి వచ్చినప్పుడే అబద్ధమాడు."

మరుసటి శుక్రవారం మూడు, ఐదు, ఎనిమిది పడ్డాయి. నా చేతిలో రాణి, పది. ఐదు పుల్లలు వేశాను. ఫోర్మన్ కూడా వేశాడు. మరో మూడు పడింది. పది వేశాను, ఆయనా వేశాడు. ఆఖరున రెండు పడింది. అప్పుడు నలభై తోశాను.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, ఎనిమిదుల జతను అందరికీ కనబడేలా పడేశాడు. నేను నా రాణినీ పదినీ తిప్పి చూపించాను. గదంతా పకపకా నవ్వింది. పుల్లలు లెక్కపెడితే నావే ఎక్కువ.

ఫోర్మన్ వాటిని కాలితో చిమ్మేశాడు. "ఖలాస్! ఫోర్మన్ మంచం ఫోర్మన్‌దే. యల్లా, లేవండి!"

"గెలిచినోనిదే మంచమని నువ్వే అన్నవ్ గద?" ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

అప్పటిదాకా నవ్విన నలుగురూ చెప్పులు వెతుక్కుంటున్నారు. చెప్పులతోనే వెళ్లి ఆ మంచం మీద పడుకున్నాను. "దమ్ముంటే లేపు" అన్నాను.

లేపలేదు. పొద్దున్నే నన్ను క్రషర్ నోటి దగ్గర నిలబెట్టాడు. మూడు నెలలు రాతిపిండి దుమ్ము మింగాను. మంచం మాత్రం వారమంతా వదల్లేదు; దగ్గుతూ అక్కడే పడుకున్నాను. మళ్లీ ఆ గదిలో ఎవరూ పేక తీయలేదు.

ఫోర్మన్ మీద కోపం క్వారీ వదిలిన రోజే పోయింది. "గెలిచింది వాడే" అని ఒక్కమాట అనలేకపోయిన ఆ నలుగురి మీద కోపం ఇంకా చావలేదు.