జరీ మీద వేసిన నింద

మా వదిన చీరల బీరువా ముందు గదిలోంచి వెనక గదికి పోయింది నా వల్లే. ఏళ్ల తరబడి ఈ మాట గొంతు దాటలేదు. మీకు చెబుతున్నాను.

గద్వాలలో మా ఇంటికి వైఫై పెట్టించిన రోజు అది నా ల్యాప్‌టాప్‌కు అందలేదు. ఫోన్లకు మాత్రం అందింది. అంటే లోపం ల్యాప్‌టాప్‌లోనే అని తట్టాలి కదా? తట్టలేదు. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలియదనడానికి నోరు రాలేదు. రౌటర్ ఆపి, తిరిగి ఆన్ చేశాను. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. చివరికి రౌటర్ పక్కనున్న బీరువా వైపు వేలు చూపాను.

"ఇనుప బీరువ, దాని నిండ జరీ. సిగ్నలంత ఇదే గుంజుకుంటుంది."

వీధిలో పోయేవాళ్లు తలుపులోంచి, తెరిచి ఉంచిన బీరువాలో ఆ చీరలు చూసి కొనడానికి లోపలికి వచ్చేవారు. వదిన వ్యాపారమంతా ఆ చూపు మీదే. అయినా నన్ను నమ్మి బీరువా జరిపించింది.

తర్వాత కనిపించింది, తెర మూలన చిన్న విమానం గుర్తు. అంతకుముందు కీబోర్డు తుడుస్తూ, వైఫైని ఆపేసే ఆ మీట నేనే నొక్కాను. మళ్లీ నొక్కితే క్షణంలో ఇంటర్నెట్ వచ్చింది. బీరువా జరపడం వల్లే అనుకుని ఇంట్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను నవ్వి ఊరుకున్నాను. వెనక గది దాకా వచ్చి చీర అడిగేవాళ్లు తగ్గిపోతుంటే, నా పేరు నిలబెట్టుకోవడానికి ఆమె బేరాలు పోగొడుతున్నానని తెలిసీ ఎలా ఊరుకున్నాను? భయమా? కాదు. గర్వం.

మొన్న ఆదివారం అందరి ముందూ చెప్పేశాను.

వదిన నా వైపు తిరిగింది. "అంటే నా జరీ ఏం గుంజలే?"

"లేదు వదినా. నేనే తప్పు బటన్ ఒత్తిన."

"ఇన్నేండ్లు నన్ను ఎనక గదిల కూసోబెట్టి, నువ్వేమో ఇంజినీరు లెక్క తిరిగినవ్! లే మరిదీ, బీరువ ఎత్తు. ఎవ్వరు చెయ్యి పెట్టద్దు."

చీరలన్నీ తీసి, ఖాళీ బీరువాను ఒక్కణ్నే తోసి, గడప దాటించి రౌటర్ పక్కనే నిలిపాను. చీరలు సర్ది ల్యాప్‌టాప్ తెరిచాను. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి! వదిన బీరువాకు ఆనుకుని కూర్చుని, వనపర్తిలోని ఒకావిడకు వీడియో కాల్‌లో ఎర్రంచు చీర పరిచి చూపింది. తెర మీద జరీ మెరుస్తూనే ఉంది, వీడియో ఒక్కసారీ ఆగలేదు.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. కానీ ఆ గదిలో ఎన్నో ఏళ్ల తర్వాత తల ఎత్తి నిలబడ్డాను.

అంతలో వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు తలుపు దగ్గర ఆగి, బీరువా వైపు చూశారు.

"రాండ్రి అక్కా, లోపలికి రాండ్రి" అని వదినకంటే ముందే నేను పిలిచాను.